నా స్లైడులో ఏం వచ్చింది?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని పూర్వ విద్యార్థుల కమిటీ వారు ఫోను చేసినప్పుడు, నాకు రాయడం రాదని చెప్పాను. "మీ ఉద్యోగం గురించే రాయండి సార్, పిల్లలు చదువుకుంటారు" అన్నారు. నేను లాబ్ టెక్నీషియన్‌ని. జ్వరంతో వచ్చినవారి వేలి నుంచి రక్తపు చుక్క తీసి, గాజు పలక మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోపులో మలేరియా ఉందో లేదో చూడడం నా పని. ఇందులో రాయడానికి ఏముంది అనుకున్నాను. కానీ ఆలోచిస్తే, నేను ఈ పనిలోకి రావడానికి కారణం మన హాస్టలే. అందుకే ధైర్యం చేసి రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి.

అది 1993 వానాకాలం. నేను తొమ్మిదో తరగతి. అప్పుడు మన హాస్టలు పెంకుల కప్పు కింద ఒకే పొడవాటి హాలు. గోడ వెంట వరసగా ట్రంకు పెట్టెలు, ఎవరి పెట్టె పక్కన వారి కార్పెట్. నా పెట్టెకు ఎడమ పక్కన నా నేస్తం పెట్టె ఉండేది. వాడి పేరు ఇక్కడ రాయను. లెక్కల్లో మా తరగతికి వాడే ఫస్టు. రాత్రి స్టడీ అవర్‌లో నాకు ఆల్జీబ్రా నేర్పింది మాస్టారు కాదు, వాడే. సాంబారులో వంకాయ ముక్క దొరికితే సగం చేసి నా కంచంలో వేసేవాడు.

శ్రావణ మాసంలో ఒక మధ్యాహ్నం వాడికి చలి మొదలైంది. పళ్లు టకటకా కొట్టుకున్నాయి. నా దుప్పటి, ఇంకో ఇద్దరి దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. తర్వాత ఒళ్లు కాలిపోయే జ్వరం, ఆ తర్వాత చొక్కా తడిసేటంత చెమట. మరునాడు మామూలుగా లేచి బడికి వచ్చాడు. ఆ మరుసటి రోజు మళ్లీ అదే వేళకు వణుకు. "ఇది చలిజ్వరం బాబూ, ఊరకే పోదు" అన్నాడు మా కామాటి తాత.

వార్డెన్ మాస్టారు కబురు పెడితే మలేరియా వర్కరు సైకిలు మీద వచ్చాడు. వాడి వేలికి సూది గుచ్చి, రక్తం గాజు పలక మీద పూసి, ఒక నంబరు రాసుకుని, నాలుగు చేదు మాత్రలు మింగించాడు. రిజల్టు వచ్చాక చెప్తామన్నాడు. జ్వరం తగ్గింది. మేమంతా ఆ సంగతి మరిచిపోయాం.

ఇరవై రోజులకు జ్వరం మళ్లీ వచ్చింది. ఈసారి వాళ్ల నాన్న వచ్చాడు. "ఇంటికాడ ఉంచి, బాగయ్యాక పంపుతాను బాబూ" అని వార్డెన్ మాస్టారుకు దండం పెట్టి, ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని, కొడుకును నడిపించుకుంటూ బస్సు దగ్గరికి వెళ్లాడు. నేను గేటు దాకా వెళ్లాను. లెక్కల నోట్సు నా దగ్గరే ఉంచుకోమన్నాడు వాడు.

వాడు వెళ్లిన వారానికి మలేరియా వర్కరు కాగితంతో వచ్చాడు. స్లైడు పాజిటివ్. పూర్తి కోర్సు మాత్రలు కూడా తెచ్చాడు. తీసుకోవాల్సినవాడు లేడు. ఆ కార్పెట్ పరిచే చోట ఖాళీ ఉంది. వార్డెన్ మాస్టారు ఊరికి కార్డు రాశారు. జవాబు రాలేదు. ఒక ఆదివారం తానే బస్సెక్కి వెళ్లివచ్చారు. ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్లకు, సూదులకు ఆ ఇంటికి అప్పయింది. వాడు జీడితోటలో కూలికి వెళ్తున్నాడు. అర్ధ సంవత్సరం పరీక్షలు అయిపోయాయి. వాడు మళ్లీ రాలేదు.

ఆ నాలుగు మాత్రలు ఎందుకు చాలలేదో అప్పట్లో నాకు తెలియదు. ఈ చదువులోకి వచ్చాకే తెలిసింది. ఆ రోజుల్లో జ్వరం వచ్చినవారందరికీ రక్తం తీసి, రిజల్టు రాకముందే క్లోరోక్విన్ ఒక డోసు ఇచ్చేవారు. అది రక్తంలో ఉన్న క్రిములను అణిచేది. వైవాక్స్ అనే రకం క్రిమి కాలేయంలో దాక్కుని నిద్రపోతుంది, వారాలకో నెలలకో మళ్లీ లేస్తుంది. దాన్ని అక్కడే చంపడానికి ప్రైమాక్విన్ కావాలి. స్లైడులో పాజిటివ్ అని తేలితేనే ఆ మందు ఇచ్చేవారు. అంటే వాడి మందు ఆ స్లైడు చదవడం మీద ఆధారపడి ఉంది. వాడి రక్తం మాత్రం నాలుగు వారాలు ఎక్కడో ఒక పెట్టెలో తన వంతు కోసం ఎదురుచూసింది.

ఇంటర్ అయ్యాక ఏ కోర్సు చేయాలని అందరూ అడిగితే నేను డి.ఎం.ఎల్.టి. అన్నాను. వార్డెన్ మాస్టారే దరఖాస్తు తెప్పించి, కుల ధ్రువీకరణ పత్రం మీద సంతకానికి నాతో పాటు మండలాఫీసుకు రెండుసార్లు తిరిగారు.

విశాఖపట్నంలో ట్రైనింగ్. మాకు నేర్పిన సీనియర్ టెక్నీషియన్ గారు మొదటి వారం రక్తం ముట్టుకోనివ్వలేదు. గాజు పలకలు కడిగించారు. కొత్త పలకకు కూడా కంటికి కనపడని జిడ్డు ఉంటుంది. సబ్బు నీళ్లతో కడిగి, ఆరబెట్టి, స్పిరిట్‌తో తుడిచి, అంచులు మాత్రమే పట్టుకోవాలి. వేలిముద్ర పడిందా, ఆ మేరకు రక్తం అంటదు, పూతలో చిల్లులు పడతాయి. "పూత చెడితే మైక్రోస్కోపు ఎంత ఖరీదుదైనా దండగ" అనేవారాయన.

తర్వాత వేలు. ఎడమ చేతి ఉంగరపు వేలు అయితే పనికి అడ్డం రాదు. పసిపిల్లలకైతే కాలి బొటనవేలు. స్పిరిట్ దూదితో తుడిచి, అది పూర్తిగా ఆరేదాకా ఆగాలి. తడి మీద గుచ్చితే చుక్క గుండ్రంగా నిలబడదు. గుచ్చాక మొదటి చుక్కను పొడి దూదితో తుడిచేయాలి. తర్వాత వచ్చిన రక్తంతో ఒకే పలక మీద రెండు పూతలు వేయాలి.

మందపు పూతకు రక్తం ఎక్కువ కావాలి. ఇంకో పలక మూలతో దాన్ని ఒక సెంటీమీటరు వెడల్పు బిళ్లలాగా సర్దాలి. మా సార్ పలక కింద పేపరు పెట్టించేవారు. పూత లోంచి అక్షరాలు కష్టం మీద చదవగలిగితే మందం సరిగ్గా ఉన్నట్టు. అక్షరాలు అస్సలు కనపడకపోతే రంగు వేసేటప్పుడు పూత ఊడిపోతుంది.

పలుచటి పూతకు చిన్న చుక్క చాలు. రెండో పలక అంచును చుక్కకు ఆనించి, సుమారు 45 డిగ్రీల వాలులో పట్టుకుని, రక్తం అంచు పొడవునా పరుచుకునేదాకా ఒక్క క్షణం ఆగి, ఒకే ఊపుతో ముందుకు తోయాలి. చేయి తడబడితే చారలు పడతాయి. సరిగా వస్తే పూత నాలుక ఆకారంలో, చివర పలుచబడుతూ ఉంటుంది. వినడానికి ఇంతే. నాకు మొదటి యాభై పలకల్లో ఒక్కటీ నాలుకలా రాలేదు. రక్తహీనత ఉన్నవారి రక్తం నీళ్లలా జారుతుంది, వారికి పలకను ఇంకొంచెం నిలువుగా పట్టి వేగంగా తోయాలి. ఇది పుస్తకంలో చదివితే రాదు, చేతికే తెలియాలి.

నంబరు పెన్సిలుతోనే వేయాలి. ఇంకు అయితే మందుల్లో కరిగిపోతుంది. నంబరు పోతే ఆ రక్తం ఎవరిదో తెలియదు.

పూత ఎండలో ఆరబెట్టకూడదు. వేడికి మందపు పూత గట్టిపడిపోతుంది. దాన్ని మిథనాల్‌తో కూడా తడపకూడదు. మిథనాల్ పలుచటి పూతకు మాత్రమే. అక్కడ రక్తకణాలు ఉన్నవి ఉన్నట్టు నిలబడాలి. మందపు పూతలో కణాలు పగిలి ఎరుపంతా నీటిలో కరిగిపోవాలి, క్రిములు మాత్రం మిగలాలి. అప్పుడే అన్ని వరసల రక్తం లోంచి చూడగలం. అందుకే క్రిమి ఉందో లేదో మందపు పూత చెబుతుంది, ఏ రకం క్రిమో పలుచటి పూత చెబుతుంది. రంగుకు గీమ్సా వాడతారు. మన దేశంలో ఎక్కువగా వాడింది జె.ఎస్.బి. ఇది 1940లలో మన దేశంలోనే జస్వంత్ సింగ్, భట్టాచార్జీ గార్లు తయారుచేసిన రంగు, వారి పేర్ల మీదే ఆ పేరు. రంగు పట్టాక చూస్తే క్రిమి నీలి ఉంగరంలా, దానికి పొదిగిన ఎర్ర రాయిలా కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు, ఇంత అందంగా ఉన్నదా నా నేస్తాన్ని బడి మాన్పించింది అనుకున్నాను.

ట్రైనింగ్ తర్వాత ఒక ఇంటర్వ్యూకి హైదరాబాద్ వెళ్లినప్పుడు బేగంపేటలో రోనాల్డ్ రాస్ పనిచేసిన భవనాన్ని బయటి నుంచి చూశాను. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో ఆయన దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ దోమలు కుట్టింది హుసేన్ ఖాన్ అనే రోగిని. ఆయన రక్తంలో నెలవంక ఆకారపు క్రిములు ఉన్నాయని ముందే చూసి తెలుసుకున్నారు కాబట్టే ఆ పరీక్ష సాగింది. రాస్ పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఉంది. చేయి చాపి దోమలతో కుట్టించుకున్న మనిషి పేరు కూడా మనం గుర్తుపెట్టుకోవాలని నాకనిపిస్తుంది. మందపు పూత పద్ధతిని 1903లో చెప్పింది కూడా రాస్ గారే.

2004లో విశాఖ మన్యంలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. ఇప్పుడది అల్లూరి సీతారామరాజు జిల్లా. వానలు మొదలైతే ఊళ్ల నుంచి స్లైడులు కట్టలు కట్టలుగా వచ్చేవి. తేమకు పూతలు ఆరేవి కావు. మూత వేయకపోతే ఈగలు, చీమలు పూతను తినేసేవి. కరెంటు పోతే కిటికీ దగ్గర అద్దం తిప్పుకుని వెలుతురు పట్టేవాడిని. నేను శ్రద్ధగా చూడగలిగేది రోజుకు అరవై. వచ్చేవి అంతకు రెట్టింపు.

ఇక్కడ నా తప్పు చెప్పుకోవాలి. దీన్ని ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

మందపు పూతలో కనీసం నూరు ఫీల్డులు చూశాకే నెగెటివ్ అని రాయాలి. ఫీల్డు అంటే మైక్రోస్కోపు గుండ్రంలో ఒకసారి కనపడే చోటు. నూరుసార్లు జరిపి చూడాలన్నమాట. 2005 జూలైలో ఒక సాయంత్రం, అప్పటికి కళ్లు మంటలెత్తుతున్నాయి, చివరి బస్సుకు టైమవుతోంది. ఒక ఆశ్రమ పాఠశాల పాప స్లైడు. ముప్పై ఫీల్డులు చూశానేమో, ఏమీ లేదు. నెగెటివ్ అని రిజిస్టరులో రాసి బస్సెక్కాను.

మూడో రోజు పొద్దున ఏఎన్‌ఎం గారు, పాప తండ్రి కలిసి ఆ పాపను మంచం మీద మోసుకొచ్చారు. పిలిస్తే పలకడం లేదు. వేలు గుచ్చి మళ్లీ స్లైడు వేశాను. చేయి వణికి పలుచటి పూత చారలు పడింది, ఇంకోటి వేశాను. రంగు వేసి చూస్తే మొదటి ఫీల్డులోనే సన్నటి ఉంగరాలు, ఒక్కో కణంలో రెండేసి. ఫాల్సిపేరం. ఇది మెదడుకు ఎక్కే రకం. డాక్టరమ్మ గారు ఇంజెక్షన్ మొదలుపెట్టి జీపులో పెద్దాసుపత్రికి పంపారు.

జీపు వెళ్లాక ఆమె నన్ను ఒకే మాట అడిగారు. "మొదటి స్లైడు ఉందా?" ఉందన్నాను. "మళ్లీ చూడండి" అన్నారు.

పెట్టెలోంచి తీసి చూశాను. ఈసారి లెక్కపెట్టాను. అరవై మూడో ఫీల్డులో ఒక ఉంగరం ఉంది. డెబ్బై ఎనిమిదో ఫీల్డులో ఇంకొకటి. పూత బాగానే ఉంది, రంగు బాగానే ఉంది. నేనే ముప్పైతో లేచిపోయాను.

పాప బతికింది. పన్నెండు రోజుల తర్వాత తండ్రి వెంట నడిచి వచ్చింది. నేను తండ్రిని పక్కకు పిలిచి, మొదటిసారి నేను సరిగా చూడలేదని చెప్పాను. ఆయన కాసేపు నా మొహం చూసి, "రెండోసారి చూసినారు గదా బాబూ" అన్నాడు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. మా హాస్టలుకు నాలుగు వారాలు ఆలస్యంగా వచ్చిన ఆ కాగితం గుర్తొచ్చింది. ఆ రోజు ఆ స్లైడుల పెట్టె ముందు కూర్చున్న మనిషిని ఇన్నేళ్లూ తిట్టుకున్నాను. ఇప్పుడా కుర్చీలో నేనే ఉన్నాను.

మరునాటి నుంచి టేబులు మీద పది చింతగింజలు పెట్టుకున్నాను. పది ఫీల్డులు చూస్తే ఒక గింజ కుడి పక్కకు. పదో గింజ దాటితేనే నెగెటివ్. హాస్టల్లో చింతగింజలతో ఆడుకున్నవాళ్లమే కదా, చేయి వెంటనే అలవాటు పడింది. ఈరోజుకీ అవే గింజలు. ట్రైనింగుకు వచ్చే పిల్లలు నవ్వుతారు. నవ్వనిస్తాను. జ్వరం తగ్గకపోతే నెగెటివ్ వచ్చినా మళ్లీ స్లైడు తీస్తాను. ఫాల్సిపేరం క్రిములు కొంతసేపు లోపలి రక్తనాళాల్లో అతుక్కుని దాక్కుంటాయి, వేలి రక్తంలో ఆ వేళకు దొరక్కపోవచ్చు.

ఇప్పుడు ఆశ కార్యకర్తల దగ్గరే పరీక్ష కిట్లు ఉన్నాయి. పావుగంట, ఇరవై నిమిషాల్లో ఊళ్లోనే తెలిసిపోతుంది. చాలా మంచి మార్పు. నేను చేరిన రోజులతో పోలిస్తే మలేరియా కూడా బాగా తగ్గింది. అయితే మందు పనిచేసి క్రిములు తగ్గుతున్నాయా, ఎన్ని మిగిలాయి అనేది కిట్టు చెప్పలేదు. ఫాల్సిపేరం నయమైన తర్వాత కూడా కొన్ని వారాలు కిట్టు పాజిటివ్ చూపించవచ్చు. దానికి స్లైడే చూడాలి. కాబట్టి మా పని ఇంకా ఉంది.

2019లో ఒక పెళ్లికి వెళ్లి, దారిలో నా నేస్తం ఊరు వెతుక్కుంటూ వెళ్లాను. తాపీ పని చేస్తున్నాడు. చేతులకు సిమెంటు. నన్ను గుర్తుపట్టి కౌగిలించుకున్నాడు. ఆ లెక్కల నోట్సు తీసుకెళ్లాను, చూసి నవ్వాడు. ఏం చేస్తున్నావురా అంటే చెప్పాను. టీ తాగుతూ ఉన్నట్టుండి అడిగాడు.

"ఒరే, అప్పుడు నా రక్తం తీసినారు గదా. ఏటి వచ్చింది రా నా స్లైడులో?"

ఇరవై ఆరేళ్లుగా వాడికి ఎవరూ చెప్పలేదు. వార్డెన్ మాస్టారు వెళ్లి చెప్పింది వాళ్ల నాన్నకు. అప్పుల గొడవలో ఆ మాట వాడిదాకా చేరలేదు. "వైవాక్స్ రా, పాజిటివ్" అన్నాను. అప్పట్లో దానికి ఐదు రోజులు ప్రైమాక్విన్ ఇచ్చేవారని, అది చాలదని ఇప్పుడు పద్నాలుగు రోజులు ఇస్తున్నారని చెప్పాను. వాడు తల ఊపి, "అయితే నాది దొంగ జ్వరం కాదన్నమాట. బడికి పోలేక నటిస్తున్నానని మా చిన్నాన్న అనేవాడు" అన్నాడు. నా గొంతు పట్టేసింది. వాడే మాట మార్చి, కూతురు ఎనిమిదో తరగతి, బాలికల హాస్టల్లో ఉందని, లెక్కల్లో క్లాసు ఫస్టని చెప్పాడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నేను చెప్పదలచుకున్నది ఇంతే. దోమతెర కట్టుకోండి. బోరు దగ్గర నీళ్లు నిలవనివ్వకండి. జ్వరం వస్తే పరీక్షలు పోతాయని దాచుకోకండి, ఆ రోజే వార్డెన్ గారికి చెప్పండి. సూదికి భయపడకుండా వేలు ఇవ్వండి. మందులిస్తే జ్వరం తగ్గిందని మధ్యలో మానకండి. అన్నిటికన్నా ముఖ్యం, రక్తం ఇచ్చి ఊరుకోకండి. ఆ పలక మీద నంబరు ఉన్నా, రక్తం మీది. సాయంత్రమో మరునాడో వెళ్లి అడగండి: "నా స్లైడులో ఏం వచ్చింది సార్?"

అడిగితే మాకు కోపం రాదు. ఎవరో అడుగుతారని తెలిస్తే మా గింజలు పదీ కుడి పక్కకు చేరతాయి.

మన హాస్టలు చల్లగా ఉండాలి. మీరందరూ బాగా చదువుకోవాలి.

ఇట్లు,
మీ అన్న,
పూర్వ విద్యార్థి (1990–95), లాబ్ టెక్నీషియన్